ఎవరి డిగ్రీ, ఎవరి గడి? చైనా–విదేశీ ఉమ్మడి యూనివర్సిటీల వర్గీకరణపై ఒక కేస్ స్టడీ

విదేశీ యూనివర్సిటీలకు వచ్చే అప్లికేషన్లను హైదరాబాద్‌లో కూర్చుని పరిశీలించే టీముల్లో మాది ఒకటి. అభ్యర్థి ఏ దేశం వాడైనా కావచ్చు. డిగ్రీ అసలుదా, ఏ స్థాయిది, మార్కులు కటాఫ్ దాటాయా అన్నవి తేల్చి నోట్ రాసి పంపడం మా పని. సీటు ఇవ్వాలా వద్దా అన్నది క్లయింట్ యూనివర్సిటీ ఇష్టం. కానీ మా నోట్‌లో ‘అర్హత లేదు’ అని ఉంటే ఆ ఫైలు అవతల ఎవరూ తెరవరు. అందుకే సంస్థను ఏ గడిలో వేస్తున్నామన్నది ఒక విద్యార్థి భవిష్యత్తుకు సంబంధించిన విషయం.

ఈ కేసులో ఒకే అడ్మిషన్ సీజన్‌లో వచ్చిన మూడు ఫైళ్లున్నాయి. అభ్యర్థులను ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. ముగ్గురూ చైనా పిల్లలే, ముగ్గురూ అక్కడి గావ్‌కావ్ పరీక్ష రాసి సీటు తెచ్చుకున్నవాళ్లే. ముగ్గురి సంస్థల పేర్లలోనూ రెండు యూనివర్సిటీల వాసన ఉంది.

క్లయింట్ ఇచ్చిన పాత టెంప్లేట్‌లో చైనా సంస్థలకు మూడు వరుసలున్నాయి. చైనా ప్రభుత్వం అగ్రశ్రేణికి తేవాలని ఎంచుకున్న 985 ప్రాజెక్టులోని 39 యూనివర్సిటీలకు కటాఫ్ 75 శాతం. అలాంటివే అయిన 211, డబుల్ ఫస్ట్ క్లాస్ అనే ప్రభుత్వ జాబితాల్లో మిగిలినవాటికి 80. ఈ రెంటిలోనూ లేనివన్నీ ‘ఇతర’ వరుసలోకి వస్తాయి, వాటికి 85. సంస్థ పేరు టైప్ చేయగానే సిస్టమే వరుసను ఎంచుకుంటుంది.

మొదటి ఫైలు నాటింగ్‌హామ్ యూనివర్సిటీ నింగ్బో చైనాది. ఫైనాన్స్ డిగ్రీ, సగటు 66. సిస్టమ్ ‘ఇతర’లో వేసి, 85 కంటే తక్కువని ఎర్ర గీత పెట్టేసింది.

రెండోది సుజౌలోని షియాన్ జియావోతోంగ్–లివర్‌పూల్ యూనివర్సిటీది, సగటు 77. పేరులో షియాన్ జియావోతోంగ్ కనిపించేసరికి సిస్టమ్ దాన్ని 985 వరుసలో పెట్టి పాస్ చేసింది. టీములో కొత్తగా చేరిన అమ్మాయి, “అక్కా, ఇది 985 కదా, 75 దాటింది, క్లోజ్ చేసేయనా?” అని అడిగింది. ఆగమన్నాను.

మూడోది హైనింగ్‌లో ఉన్న జెజియాంగ్ యూనివర్సిటీ–ఇల్లినాయ్ ఉమ్మడి ఇన్‌స్టిట్యూట్‌ది. సగటు 81. ‘ఉమ్మడి’ అన్న మాట వల్ల దీన్ని ‘ఇతర’లో వేసి ఎర్ర గీత పెట్టింది.

మూడు ఫైళ్లలోనూ సిస్టమ్ తప్పింది. రెండో ఫైల్లో ఫలితం సరిగ్గానే వచ్చినా దారి తప్పు. అదే సుజౌ నుంచి 68తో ఇంకొకరు వస్తే ఆ దారి వాళ్లను ముంచుతుంది.

చైనా చట్టం ఏమంటోంది

విదేశీ సంస్థలతో కలిసి విద్యాసంస్థలు నడపడానికి చైనా స్టేట్ కౌన్సిల్ 2003 మార్చిలో నిబంధనలు ప్రకటించింది. అవి ఆ ఏడాది సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం విదేశీ యూనివర్సిటీ తనంతట తాను అక్కడ క్యాంపస్ పెట్టుకోవడానికి వీల్లేదు, చైనా భాగస్వామి ఉండి తీరాలి. బోర్డులో చైనా సభ్యులు సగానికి తగ్గకూడదు. ప్రెసిడెంట్ చైనా పౌరుడై ఉండాలి. డిగ్రీ స్థాయి, ఆపైన చదువులకు అనుమతి విద్యా మంత్రిత్వ శాఖ నుంచే రావాలి.

నింగ్బో ఈ దారిలో మొదటిది. నాటింగ్‌హామ్ యూనివర్సిటీ, జెజియాంగ్ వాన్లీ ఎడ్యుకేషన్ గ్రూప్ కలిసి 2004లో మొదలుపెట్టాయి. ఫుదాన్ యూనివర్సిటీకి అధ్యక్షుడిగా పనిచేసిన అణుభౌతిక శాస్త్రవేత్త యాంగ్ ఫుజియా అప్పటికే 2001 నుంచి నాటింగ్‌హామ్‌కు ఛాన్సలర్‌గా ఉన్నారు. నింగ్బోకు ప్రెసిడెంట్ కూడా ఆయనే అయ్యారు. ఆ తర్వాత 2005లో జుహాయ్‌లో బీజింగ్ నార్మల్, హాంకాంగ్ బాప్టిస్ట్ యూనివర్సిటీలు కలిసి ఒక కాలేజీ పెట్టాయి. 2006లో సుజౌ సంస్థ వచ్చింది. ఈస్ట్ చైనా నార్మల్ యూనివర్సిటీ భాగస్వామిగా ఎన్‌వైయూ (న్యూయార్క్ యూనివర్సిటీ) షాంఘై 2013లో మొదటి బ్యాచ్‌ను చేర్చుకుంది. వుహాన్ యూనివర్సిటీ భాగస్వామిగా డ్యూక్ కున్‌షాన్ వచ్చింది. వెన్‌జౌ–కీన్, షెన్‌జెన్‌లోని చైనీస్ యూనివర్సిటీ ఆఫ్ హాంకాంగ్, మాస్కో స్టేట్ యూనివర్సిటీతో కలిసి షెన్‌జెన్‌లోనే పెట్టిన మరొకటి, ఇజ్రాయెల్ టెక్నియాన్‌తో షాన్‌తౌలో పెట్టినది, 2022లో గ్వాంగ్‌జౌలో హాంకాంగ్ సైన్స్ అండ్ టెక్నాలజీ యూనివర్సిటీ, ఇలా ఆ జాబితా పెరుగుతూ వచ్చింది.

ఈ సహకారం మూడు రూపాల్లో ఉంటుంది. మా కేసుకు అసలు కీలకం ఇక్కడే దొరికింది. మొదటి రూపంలో ఉమ్మడి సంస్థకే విడిగా చట్టబద్ధమైన అస్తిత్వం ఉంటుంది. పేరు, బోర్డు, కోడ్, ఆస్తులు అన్నీ దానివే. నింగ్బో, సుజౌ, షాంఘై, కున్‌షాన్ సంస్థలు ఈ కోవలోవి. రెండో రూపంలో ఉమ్మడి ఇన్‌స్టిట్యూట్ ఒక చైనా యూనివర్సిటీ లోపలే ఒక కాలేజీలా ఉంటుంది, దానికి విడిగా అస్తిత్వం ఉండదు. షాంఘై జియావోతోంగ్‌లో 2006లో మిషిగన్‌తో కలిసి పెట్టిన ఇన్‌స్టిట్యూట్ (ఆ భాగస్వామ్యాన్ని ముగిస్తున్నట్టు మిషిగన్ 2025లో ప్రకటించింది), మా మూడో ఫైల్లోని హైనింగ్ ఇన్‌స్టిట్యూట్ అలాంటివే. మూడో రూపం ప్రోగ్రామ్. అక్కడ సంస్థ ఏదీ ఉండదు, ఒక యూనివర్సిటీలో ఒక కోర్సును విదేశీ భాగస్వామితో కలిసి నడుపుతారు. సంఖ్యలో ఇవే ఎక్కువ, రద్దయ్యేవీ ఎక్కువగా ఇవే. 2018లో చైనా విద్యా మంత్రిత్వ శాఖ ఒకేసారి 234 ఉమ్మడి సంస్థలు, ప్రోగ్రాముల రద్దును ప్రకటించింది. అందులో సంస్థలు 5, ప్రోగ్రాములు 229.

బయటి నుంచి చూసేవాడికి ఈ మూడు రూపాలూ ఒకేలా కనిపిస్తాయి. ప్రాస్పెక్టస్‌లో రెండు లోగోలు, ఇంగ్లిష్‌లో పాఠాలు, విదేశీ ప్రొఫెసర్ల ఫోటోలు. తేడా తెలియాలంటే సర్టిఫికెట్ చేతిలోకి తీసుకోవాలి.

సర్టిఫికెట్ మీది అంకెలు

చైనాలో డిగ్రీ పూర్తిచేస్తే రెండు పత్రాలు వస్తాయి. ఒకటి గ్రాడ్యుయేషన్ సర్టిఫికెట్, అంటే ఫలానా సంస్థలో ఫలానా స్థాయి చదువు పూర్తిచేశాడన్న పత్రం. రెండోది డిగ్రీ సర్టిఫికెట్. మన దగ్గరి ప్రొవిజనల్, ఒరిజినల్ లాంటి తేడా కాదు ఇది. రెండూ శాశ్వతమైనవే, ఒకటి ఉండి మరొకటి లేకపోవడం కూడా మామూలే.

గ్రాడ్యుయేషన్ సర్టిఫికెట్ మీద అభ్యర్థి ఫోటో, కింద 18 అంకెల నంబరు ఉంటాయి. ఆ నంబరులో మొదటి ఐదు అంకెలు సంస్థ కోడ్. ఆరోది చదువు రకం, రెగ్యులర్ ఉన్నత విద్యకు 1. తర్వాతి నాలుగు అంకెలు సంవత్సరం. ఆపై రెండు అంకెలు స్థాయి, బ్యాచిలర్ చదువుకు 05. చివరి ఆరు క్రమసంఖ్య.

రెండో ఫైల్లోని సర్టిఫికెట్‌ను స్క్రీన్ మీద పెద్దది చేసి ఆ అమ్మాయికి చూపించాను. నంబరు 16403తో మొదలైంది. షియాన్ జియావోతోంగ్ యూనివర్సిటీ కోడ్ 10698. ఇవి రెండు వేర్వేరు సంస్థలని చెప్పడానికి ఆ ఐదు అంకెలు చాలు. అసలు ఊళ్లే వేరు. ఒకటి షాన్‌షీ రాష్ట్రంలోని షియాన్‌లో ఉంటే, రెండోది ఎక్కడో తూర్పున జియాంగ్‌సూలోని సుజౌలో ఉంది. మొదటిది 985లో ఉంది, రెండోది లేదు. 2022లో విడుదలైన డబుల్ ఫస్ట్ క్లాస్ రెండో విడత జాబితాలో 147 యూనివర్సిటీలున్నాయి. విడి అస్తిత్వం ఉన్న ఉమ్మడి యూనివర్సిటీ ఒక్కటి కూడా అందులో లేదు. చైనా భాగస్వామి హోదా ఉమ్మడి సంస్థకు వారసత్వంగా రాదు.

మూడో ఫైల్లో కథ తిరగబడింది. అక్కడి నంబరు 10335తో మొదలైంది, అది జెజియాంగ్ యూనివర్సిటీ కోడ్. చట్టం దృష్టిలో ఆ అబ్బాయి జెజియాంగ్ యూనివర్సిటీ విద్యార్థి, పత్రం ఇచ్చింది జెజియాంగ్ యూనివర్సిటీ. కాబట్టి 985 వరుసలోనే చూడాలి, కటాఫ్ 75, అతనికి 81 ఉంది. ఇన్‌స్టిట్యూట్ పేరులో ‘ఉమ్మడి’ అని ఉన్నంత మాత్రాన అతని హోదా తగ్గిపోదు.

మొదటి ఫైల్లో 16301 కనిపించింది, అది నింగ్బో కోడ్. అయితే ఆ నంబరు ఉన్నది గ్రాడ్యుయేషన్ సర్టిఫికెట్ మీద మాత్రమే. డిగ్రీ సర్టిఫికెట్ ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ యూనివర్సిటీ పేరుతో వచ్చింది.

ఇంత లోతుకు వెళ్లడానికి కారణం ఉంది. విడి అస్తిత్వం ఉన్న సంస్థలన్నీ ఒకే రకంగా డిగ్రీలు ఇవ్వవు. నింగ్బోలో బ్యాచిలర్ విద్యార్థికి చైనా గ్రాడ్యుయేషన్ సర్టిఫికెట్, బ్రిటిష్ డిగ్రీ వస్తాయి. సుజౌలో అయితే చైనా గ్రాడ్యుయేషన్ సర్టిఫికెట్, చైనా డిగ్రీ, పైన లివర్‌పూల్ డిగ్రీ కూడా వస్తాయి. షెన్‌జెన్‌లోని చైనీస్ యూనివర్సిటీ ఆఫ్ హాంకాంగ్‌లో డిగ్రీ హాంకాంగ్‌లో ఉన్న దాని మాతృసంస్థ పేరు మీద ఉంటుంది. నింగ్బోలోనో సుజౌలోనో మాస్టర్స్ చేసినవాళ్ల దగ్గర విదేశీ డిగ్రీ ఒక్కటే ఉంటుంది, చైనా నంబరున్న పత్రమే ఉండదు. అది లేదని ఫైలు పక్కన పెడితే అన్యాయం చేసినట్టే.

వెరిఫికేషన్ కూడా పత్రాన్ని బట్టే నడుస్తుంది. చైనా పత్రాలను అక్కడి ప్రభుత్వ విద్యార్థి సమాచార కేంద్రం సీహెచ్‌ఎస్‌ఐ ఆన్‌లైన్ రిపోర్టుతో ధ్రువీకరిస్తుంది. విదేశీ డిగ్రీ సంగతి ఆ విదేశీ యూనివర్సిటీనే అడగాలి. చైనా లోపల ఉద్యోగానికైతే విద్యా మంత్రిత్వ శాఖ కిందే ఉన్న మరో కేంద్రం, సీఎస్‌సీఎస్‌ఈ, విదేశీ డిగ్రీని ధ్రువీకరిస్తుంది. ఒకే విద్యార్థి, ఒకే క్యాంపస్, ధ్రువీకరణ మాత్రం రెండు దారుల్లో.

66 మార్కులంటే ఎంత?

మొదటి ఫైలు మీద క్లయింట్‌తో ఎక్కువసేపు మాట్లాడాల్సి వచ్చింది. అవతలి అడ్మిషన్ ఆఫీసర్ ప్రశ్న సూటిగానే ఉంది: “చైనా విద్యార్థికి 66 శాతం. మేం 80, 85 ఉన్నవాళ్లను తీసుకుంటుంటే ఈ అమ్మాయిని ఎలా తీసుకుంటాం?”

ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఒక్కో మాడ్యూల్ పక్కన 63, 71, 66, 58 లాంటి అంకెలున్నాయి. మామూలు చైనా యూనివర్సిటీలో పాస్ మార్కు 60. అక్కడ మంచి విద్యార్థి సగటు 80కి పైనే ఉంటుంది. ఆ కళ్లతో చూస్తే ఈ అమ్మాయి బొటాబొటిగా గట్టెక్కినట్టు ఉంటుంది. కానీ నింగ్బోలో మార్కులు బ్రిటిష్ పద్ధతిలో వేస్తారు. పాస్ 40. 70 దాటితే ఫస్ట్ క్లాస్. 60 నుంచి 69 వరకు అప్పర్ సెకండ్. 66 అంటే గట్టి అప్పర్ సెకండ్. అదే క్లయింట్ ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ క్యాంపస్‌లో చదివిన పిల్లలను అప్పర్ సెకండ్‌తో ఎప్పటి నుంచో తీసుకుంటోంది. డిగ్రీ పత్రం అదే, ఇచ్చింది అదే యూనివర్సిటీ, కొలత కూడా అదే.

క్లయింట్‌కు నచ్చజెప్పడానికి రెండు ఆధారాలు చూపించాం. 2003 నిబంధనల్లోనే ఉంది, ఉమ్మడి సంస్థలో ఇచ్చే విదేశీ డిగ్రీ ఆ విదేశీ సంస్థ తన సొంత దేశంలో ఇచ్చేదానితో సమానంగా ఉండాలి, ఆ దేశం గుర్తించినదై ఉండాలి. రెండోది, బ్రిటన్ క్వాలిటీ అస్యూరెన్స్ ఏజెన్సీ చైనాలోని బ్రిటిష్ కోర్సులను 2012లో ప్రత్యేకంగా సమీక్షించింది. అంటే అక్కడి డిగ్రీ నాణ్యతకు ఇంగ్లండ్ యూనివర్సిటీయే పూచీ. ఈ రెండూ మెయిల్‌లో పెట్టి, ట్రాన్‌స్క్రిప్ట్ వెనక పేజీలోని గ్రేడింగ్ పట్టిక ఫోటో జత చేశాం. అన్నిటికంటే ఆ పట్టికే ఎక్కువ పని చేసిందని నా నమ్మకం. ట్రాన్‌స్క్రిప్ట్ వెనక్కి తిప్పి చూసే అలవాటు మా పనిలో అందరికీ ఉండాలి.

సుజౌ సంస్థలో కూడా మార్కులు బ్రిటిష్ పద్ధతిలోనే ఉంటాయి. కాబట్టి రెండో ఫైల్లోని 77 పెద్ద ఫస్ట్ క్లాస్. 985 వరుసలో అది ఏదో కటాఫ్ దాటిన మార్కులా కనిపించింది. నిజానికి ముగ్గురిలోనూ బలమైన ఫైలు అదే. అమెరికా భాగస్వాములున్న చోట నాలుగు పాయింట్ల జీపీఏ ఉంటుంది, దాని లెక్క వేరు.

ప్రభుత్వమా, ప్రైవేటా?

టెంప్లేట్‌లో ఇంకో గడి ఉంది: ప్రభుత్వ లేదా ప్రైవేట్. మూడో ఎంపిక లేదు. విడి అస్తిత్వం ఉన్న ఉమ్మడి సంస్థలను ఇదివరకు కొందరు ప్రైవేటులో వేశారు, కొందరు ప్రభుత్వంలో వేశారు. ఇద్దరి దగ్గరా వాదన ఉంది. ఫీజు చూస్తే ప్రైవేటే అనిపిస్తుంది. మామూలు ప్రభుత్వ యూనివర్సిటీలో ఏడాదికి సుమారు 5, 6 వేల యువాన్లుంటే, ఇక్కడ 80 వేలు దాటిన ఫీజులు మామూలే. కానీ క్యాంపస్ చూస్తే స్థానిక ప్రభుత్వం చెయ్యి కనిపిస్తుంది. డ్యూక్ కున్‌షాన్ క్యాంపస్‌కు స్థలం, భవనాలు సమకూర్చింది కున్‌షాన్ నగరమే.

చైనా స్వయంగా ఏం చేస్తుందో చూస్తే గొడవే లేదు. విద్యా మంత్రిత్వ శాఖ విడుదల చేసే ఉన్నత విద్యాసంస్థల జాబితాలో చివర ఒక గమనికల గడి ఉంటుంది. 2024 జూన్ జాబితాలో మొత్తం 3,117 సంస్థలుంటే, అందులో రెగ్యులర్ ఉన్నత విద్యాసంస్థలు 2,868. వీటిలో ప్రభుత్వ సంస్థల పక్కన గమనిక ఖాళీ. ప్రైవేటు వాటి పక్కన ప్రైవేటు అని ఉంటుంది. ఉమ్మడి వాటి పక్కన చైనా–విదేశీ సహకార విద్య అని విడిగా ఉంటుంది. హాంకాంగ్ భాగస్వామి ఉన్నవాటికి మళ్లీ వేరే గమనిక, ఎందుకంటే చైనా దృష్టిలో హాంకాంగ్ విదేశం కాదు. అయినా 2003 నిబంధనలనే వాటికీ వర్తింపజేస్తారు. ప్రైవేట్ విద్యా చట్టం కూడా విదేశీ సహకార సంస్థలను తన పరిధిలోకి తీసుకోకుండా, వాటి నియమాలను స్టేట్ కౌన్సిల్‌కు వదిలేసింది. చైనాయే మూడో రకంగా రాసుకున్నదాన్ని మనం రెండు గడుల్లో ఇరికించాల్సిన అవసరం ఏముంది?

‘విదేశీ బ్రాంచ్ క్యాంపస్’ అని రాద్దామన్న సూచన క్లయింట్ వైపు నుంచి వచ్చింది. నేను ఒప్పుకోలేదు. బ్రాంచ్ అంటే మాతృసంస్థ తానే వచ్చి నడిపేది. మన యూజీసీ 2023 నిబంధనల కింద గురుగ్రామ్‌లో సౌతాంప్టన్ యూనివర్సిటీ పెట్టినది ఆ రకం, అక్కడ భారతీయ యూనివర్సిటీ భాగస్వామిగా ఉండాలన్న షరతు లేదు. చైనాలో బోర్డు, కోడ్, ప్రెసిడెంట్ అన్నీ చైనా చట్టం కింద ఉంటాయి. బ్రాంచ్ అని రాస్తే రేపు చైనా పత్రాలను చూడనే చూడరు. సుజౌ విద్యార్థి చేతిలోని చైనా డిగ్రీ లెక్కలోకి రాకుండా పోతుంది.

మార్చింది ఏమిటి

సంస్థకు ఒకే ముద్ర వేసే గడిని తీసేయించాం. దాని స్థానంలో ఇప్పుడు ముందుగా రాసేది సంస్థ చట్టబద్ధమైన రూపం, పైన చెప్పిన మూడింటిలో ఏదో ఒకటి. ఆ తర్వాత ప్రతి పత్రానికీ ఒక వరుస: ఇచ్చింది ఎవరు, ఏ దేశ చట్టం కింద, నంబరు మొదటి ఐదు అంకెలు ఏమిటి. చివర మార్కుల కొలత. 985, డబుల్ ఫస్ట్ క్లాస్ వరుసలు చైనా యూనివర్సిటీ తన సొంత కోడ్‌తో ఇచ్చిన పత్రాలకే వర్తిస్తాయి. విదేశీ డిగ్రీ ఉంటే ఆ దేశపు కటాఫ్ చూస్తాం.

రెండు డిగ్రీలున్న సుజౌ లాంటి కేసుల్లో ఇంకో చిక్కు వచ్చింది. రెండూ రాస్తాం, కానీ చదువు ఒక్కటే కాబట్టి అర్హతకు ఒక్కటిగానే లెక్కపెడతాం. అభ్యర్థి రెండు డిగ్రీలు చేశానని రాసుకుంటే దాన్ని అబద్ధంగా చూడకూడదు, ఆ పత్రాలు రెండూ నిజమే. ఈ మాట మా గైడ్‌లో విడిగా రాయించాను.

ప్రోగ్రామ్ రూపం ఇంకా కొంచెం ఇబ్బంది పెడుతూనే ఉంది. నాలుగేళ్లూ చైనాలో చదివినవాడికి విదేశీ డిగ్రీ రావచ్చు, రాకపోవచ్చు. రెండేళ్లు అక్కడ, రెండేళ్లు విదేశంలో చదివినవాళ్ల ట్రాన్‌స్క్రిప్టులు రెండు కొలతల్లో ఉంటాయి. వీటికి ఒకే నియమం పెట్టలేకపోయాం. సీనియర్ ఒకరు చూడకుండా ఏ ఫైలూ క్లోజ్ చేయకూడదని మాత్రం రాసుకున్నాం. ఆ సంవత్సరంలో ఆ ప్రోగ్రామ్‌కు అనుమతి ఉందా లేదా అన్నది కూడా మంత్రిత్వ శాఖ జాబితాలో చూస్తాం.

మూడు ఫైళ్లనూ కొత్త పద్ధతిలో మళ్లీ పంపాం. ముగ్గురికీ ఆఫర్ వచ్చింది. ఆ తర్వాత క్లయింట్‌ను మేం ఒకటే కోరాం: అంతకుముందు సీజన్లలో ‘ఇతర’ వరుసలో తిరస్కరించిన ఉమ్మడి యూనివర్సిటీల ఫైళ్లను మళ్లీ తెరవాలని. మొదట కుదరదన్నారు, తర్వాత గత సీజన్ వరకు ఒప్పుకున్నారు. ఆ ఫైళ్లలో బ్రిటిష్ కొలత మీద అప్పర్ సెకండ్ ఉన్నవాళ్లు కనిపిస్తూనే ఉన్నారు. క్లయింట్ వాళ్లకు మెయిల్స్ పంపింది. కొందరు సీటు తీసుకున్నారు. మిగతావాళ్లు అప్పటికే వేరే దేశాల్లో చేరిపోయారు.